దరఖాస్తు కూడా ఒక ప్లీడింగే

విజయవాడ

చి. అమ్మాయికి, బాబాయ్ ఆశీస్సులు.

లా ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్‌ కోసం నువ్వు రాసి పంపిన కవర్ లెటరూ, సీవీ చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను: ఇలాగే పంపితే ఎవరూ పిలవరు. ఇంగ్లీషు బాగానే ఉంది, అచ్చుతప్పులు కూడా పెద్దగా లేవు. కానీ అందులో నువ్వు ఎక్కడా కనబడలేదు. "న్యాయశాస్త్రం పట్ల అపారమైన ఆసక్తి, కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే స్వభావం ఉన్న విద్యార్థిని" అని మొదలుపెట్టావు. గుంటూరు బ్రాడీపేటలో ఏ లైన్లో నిలబడి ఏ లా స్టూడెంట్‌ని పిలిచినా ఆ వాక్యం అతికిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక ఫర్మ్‌లో ఉన్న రోజుల్లో ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు చూసే పని నా నెత్తిన పడింది. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే ఖాళీగా కనబడినవాడికి అంటగడతారు. కోర్టు నుంచి వచ్చాక, క్లయింట్లు వచ్చేలోపు దొరికిన కాస్త టైములో గబగబా చూసుకుంటూ పోతాం. "అపారమైన ఆసక్తి" తగలగానే కళ్లు వాటంతటవే కింది పేరాకి జారిపోతాయి. అక్కడా ఆసక్తే ఉంటే ఇక తర్వాతి మెయిల్. చదివేవాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ పిల్లకి సాయంత్రం ఒక ఫైల్ ఇచ్చి, పొద్దునకల్లా రెండు పేజీల నోట్ కావాలంటే రాసి పెట్టగలదా? దానికి జవాబు నీ ఉత్తరంలోనే వెతుక్కుంటారు. నీ రాత ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆ క్షణంలో వాళ్ల చేతిలో ఉన్నది అదొక్కటే కదా.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 6, రూల్ 2 మీకు క్లాసులో చెప్పే ఉంటారు. ప్లీడింగ్‌లో, అంటే దావా వేసేటప్పుడు ఇచ్చే ప్లెయింట్ లాంటి కోర్టు కాగితంలో, ముఖ్యమైన వాస్తవాలు మాత్రమే, అవీ క్లుప్తంగా రాయాలి. దరఖాస్తుకు కూడా అదే రూలు పెట్టుకో. "వాది నిజాయితీపరుడు, కష్టజీవి, మాట మీద నిలబడే మనిషి" అని ప్లెయింట్ దాఖలు చేస్తే జడ్జిగారు డిక్రీ ఇస్తారా? అప్పు ఏ రోజున ఇచ్చాడు, ప్రోనోటు ఎవరు రాశారు, వడ్డీ ఎంత, ఎంత ముట్టింది? ఇవి ఉంటే నిజాయితీ సంగతి చదివినవాళ్లే తేల్చుకుంటారు.

ఇప్పుడు నీ సీవీకి వద్దాం. రెండో పేజీలో అడుగున ఒక లైన్ ఉంది: "గుంటూరులో ఒక న్యాయవాది వద్ద ఇంటర్న్‌షిప్, నాలుగు వారాలు." అంతే. అదే వేసవిలో నువ్వు నాకు ఫోన్ చేసి చెప్పింది వేరు. మిర్చి యార్డు వ్యాపారుల చెక్ బౌన్స్ ఫైళ్లు కట్టలుగా ఇచ్చారనీ, ఒక్కో ఫైల్లో తేదీలన్నీ ఏరి పట్టిక తయారు చేశాననీ చెప్పావు. బ్యాంకు నుంచి చెక్ తిరిగొచ్చినట్టు సమాచారం ఎప్పుడొచ్చింది, అక్కణ్ణుంచి 30 రోజుల్లో నోటీసు వెళ్లిందా, అవతలివాళ్లకి అది ఎప్పుడు అందింది, అందాక 15 రోజుల గడువు ఎప్పటికి అయిపోయింది, ఆ తర్వాత నెలలోపు కంప్లెయింట్ పడిందా. ఒక ఫైల్లో కంప్లెయింట్ ఆలస్యమైందని నువ్వే పట్టుకున్నావు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయొచ్చని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 142వ సెక్షన్‌లోని ప్రొవైజో (మినహాయింపు) తీసి చూపించావు. మీ సీనియర్ ఆ రోజు నీకు కాఫీ కూడా తెప్పించారన్నావు. ఇంత పని చేసి, దాన్ని రెండో పేజీ అడుగున పూడ్చిపెడతావా?

నేనైతే ఉత్తరం అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఇంగ్లీషులో నువ్వే రాసుకో, విషయం ఇలా ఉండాలి: "గత వేసవిలో గుంటూరులో ఒక ట్రయల్ కోర్టు న్యాయవాది ఆఫీసులో 138వ సెక్షన్ (చెక్ బౌన్స్) కింద నడుస్తున్న కేసుల ఫైళ్లు చదివి, ప్రతి కేసుకూ తేదీల పట్టిక తయారు చేశాను. ఒక కేసులో కంప్లెయింట్ గడువు దాటిందని గుర్తించి, ఆలస్యం మన్నింపు పిటిషన్‌కు మొదటి డ్రాఫ్ట్ రాశాను. సీనియర్ దాన్ని దిద్ది దాఖలు చేశారు." ఇందులో నిన్ను పొగిడే విశేషణం ఒక్కటి కూడా లేదు చూడు. "దిద్ది" అన్న మాట మాత్రం తీసేయకు. ఎవరూ దిద్దకుండానే నీ డ్రాఫ్ట్ కోర్టుకు వెళ్లిందంటే నమ్మేవాళ్లుండరు. దిద్దించుకున్నానని చెప్పే పిల్లతో పనిచేయడం తేలిక కూడా.

ఇంకో మాట. సీవీలో ప్రతి లైనూ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడాలి. "ఆర్బిట్రేషన్‌లో విస్తృత పరిశోధన" అని రాశావు. ఏ పరిశోధన? కాలేజీలో ఇచ్చిన అసైన్‌మెంటే కదా. ఇంటర్వ్యూలో ఎవరైనా మధ్యవర్తి ఇచ్చిన అవార్డును కోర్టులో సవాలు చేసే 34వ సెక్షన్ గురించి రెండు ప్రశ్నలు వేస్తే టెన్షన్‌తో నోరు పెగలదు. ఆ లైన్ తీసెయ్.

రైటింగ్ శాంపిల్ అడిగే ఫర్మ్‌లు చాలా ఉన్నాయి. అడగకపోయినా ఒకటి సిద్ధంగా ఉంచుకో. మూట్ కోర్టు పోటీకి, అంటే ఉత్తుత్తి కేసు వాదనకు, రాసిన మెమోరియల్ మొత్తం పంపొద్దు, ముప్పై పేజీలు ఎవరు చదువుతారు? అందులో మీ టీమ్‌లో ఎవరి రాత ఎంతో కూడా తెలియదు. నీ ఫైళ్లలోంచే ఒక ప్రశ్న తీసుకో. ఆ రోజు అడిగావు గుర్తుందా, మిర్చి కొన్నవాడి బ్యాంకు వరంగల్‌లో ఉంటే కేసు గుంటూరులో ఎలా వేశారని? 2014లో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్ ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకు ఉన్న చోటే కేసు వేయాలంది. దేశమంతా ఫైళ్లు తారుమారయ్యాయి. 2015లో చట్టం సవరించి, ఖాతాలో జమకు వేసిన చెక్ అయితే డబ్బు రావాల్సినవాడి ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టుకే ఆ అధికారం ఇచ్చారు. ఈ మలుపు మీద రెండు పేజీలు రాయి. ముందు ప్రశ్న, వెంటనే నీ జవాబు, ఆ తర్వాత కారణాలు. తీర్పును ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన సారాంశం నుంచి ఎత్తకు. సుప్రీంకోర్టు ఈ-ఎస్సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది, అసలు పేరాలు చదువు. చాట్‌జీపీటీతో గ్రామర్ దిద్దించుకుంటావో లేదో నీ ఇష్టం. అది ఇచ్చిన సైటేషన్ మాత్రం తీర్పు తెరిచి చూడకుండా పెట్టావంటే నా దగ్గరికి రాకు.

శాంపిల్ పేరుతో ఆఫీసు డ్రాఫ్ట్‌ని పార్టీల పేర్లతో సహా అటాచ్ చేసే పిల్లలున్నారు. ఆ మెయిల్ తెరవగానే వాళ్ల దరఖాస్తు అయిపోయినట్టే. క్లయింటు లాయరుకు చెప్పుకున్న విషయాలకు సాక్ష్యచట్టం రక్షణ ఇచ్చింది. పాత చట్టంలో 126వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132. ఒకరి ఫైలు బయట పెట్టినవాళ్లు రేపు మన ఫైలూ పెడతారనే అనుకుంటారు. పేర్లు, ఊళ్లు, మొత్తాలు మార్చేసి, మీ సీనియర్‌ని ఒక మాట అడిగి వాడుకో.

ఇప్పుడు నువ్వు అసలు రాయనే రాయని సంగతి. మీ అమ్మమ్మగారి ఊళ్లో పొలం మీద బ్యాంకు లోను కోసం కాగితాలన్నీ నువ్వే వరసగా పెట్టావని మీ నాన్న చెప్పాడు. ఈసీ (పొలం మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) తేదీల ప్రకారం పేర్చి, అడంగల్, 1-బి రెవెన్యూ రికార్డుల్లో, పాసుపుస్తకాల్లో సర్వే నంబర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూశావట. హైదరాబాద్ ఫర్మ్‌లలో బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్ టీములు చేసే టైటిల్ పని, భూమి ఎవరిదో తేల్చే పని, అంతా ఇదే అమ్మా! వాళ్ల దగ్గర ఢిల్లీ, ముంబై నుంచి వచ్చిన తెలివైన పిల్లలుంటారు. కానీ పాత దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాతలో "తూర్పు: ఫలానావారి పొలం గట్టు" అని ఉంటే వాళ్లకి అక్షరం ముక్క అర్థం కాదు. తెలంగాణలో గుంటలకు అలవాటు పడినవాళ్లు మన సెంట్ల దగ్గర తడబడతారు. రిజిస్ట్రేషన్ చట్టంలో మన 22-ఎ నిషేధిత భూముల జాబితా అంటే ఏమిటో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం సాధారణంగా ఎందుకు చెల్లదంటుందో వాళ్లకి ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. తెలుగు దస్తావేజులు చదివి ఇంగ్లీషులో పేజీ సారాంశం రాయగలిగిన ఇంటర్న్ వచ్చిందంటే ఆ టీమ్ ప్రాణం లేచొస్తుంది. నీ సీవీలో "భాషలు: తెలుగు, ఇంగ్లీషు" అని ఉంది. దాని బదులు, 1960ల నాటి చేతిరాత దస్తావేజుల నుంచి ఇప్పటి ఈసీ దాకా చదివి వరస పట్టిక తయారు చేయగలనని రాయి. అంతకుముందు ఇంకో రెండు మూడు సెట్లు చదివి అలవాటు చేసుకో. ఒక్క పొలం కాగితాలు చూసి అంత మాట అనకూడదు.

మాది ఎన్‌ఎల్‌యూ (నేషనల్ లా యూనివర్సిటీ) కాదు కదా, ఎవరు తీసుకుంటారు అని బాధపడ్డావు. పెద్ద ఫర్మ్‌లలో ఆ పిల్లలకి ముందు వరస ఉంటుంది, లేదని నేను అబద్ధం చెప్పను. అందుకే పది పెద్ద పేర్లకి పంపి కూర్చోవద్దు. ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లున్న ఫర్మ్‌లు, కంపెనీ లా ట్రైబ్యునల్ ప్రాక్టీసు చేసే ఆఫీసులు, అమరావతి నేలపాడులో హైకోర్టు ముందు ప్రాక్టీసు చేసే సీనియర్ల ఛాంబర్లు చూడు. అక్కడ ఇంటర్న్‌కి జిరాక్స్ పని తక్కువ, ఫైలు పని ఎక్కువ. ఇంకో సంగతి, సీవీలో కాలేజీ పేరు రాసి ఊరి పేరు మింగేశావు. గుంటూరు అని రాయడానికి సిగ్గెందుకు? 1954 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులోనే నడిచింది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967లో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించే వీల్లేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ఇవన్నీ సీవీలో రాయమని కాదు, ఊరి పేరు రాయమంటున్నాను.

ట్రయల్ కోర్టు పని ఫర్మ్‌లకి చిన్నచూపని ఎవరో నీకు ఎక్కించారు. బార్ కౌన్సిల్ నిబంధనలే చూడు: ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి, అందులో ఒక్కసారైనా ట్రయల్, అప్పీలు కోర్టుల న్యాయవాదుల దగ్గర పనిచేయాలి. ఏ సంవత్సరంలోనూ వరసగా నాలుగు వారాలు దాటకూడదన్న షరతు కూడా ఉంది. కాబట్టి "రెండు నెలలు వస్తాను" అని రాయకు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని నాలుగు వారాలు అడుగు, వీలైతే రెండో ఆప్షన్ ఇవ్వు. నెలల ముందే పంపు. వేసవి సెలవుల కోసం ఏప్రిల్‌లో మెయిల్ పెడితే సీట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి.

డబ్బు కట్టించుకుని వ్యాసాలు అచ్చువేసే జర్నల్స్ జోలికి పోవద్దు. మీ నాన్న యార్డులో గుమస్తా జీతంలోంచి ఇచ్చిన డబ్బు వాళ్లకి కట్టడం నాకు అస్సలు నచ్చదు, చూసేవాళ్లకి అదేమిటో తెలిసిపోతుంది కూడా. రెండు గంటల వెబినార్ సర్టిఫికెట్లు కూడా తీసెయ్, సీవీ ఒక్క పేజీకి వస్తుంది.

మిగతావి చిన్న విషయాలే, కానీ వీటి దగ్గరే చాలామంది పోతారు. "రెస్పెక్టెడ్ సర్" అని రాశావు, ఆ టీమ్ చూసే పార్ట్‌నర్ ఆవిడ. ఫర్మ్ వెబ్‌సైట్‌లో పేరు ఉంది, చూసి రాయి. మూడో పేరాలో వేరే ఫర్మ్ పేరు అలాగే ఉండిపోయింది. ఆ ఒక్కటి చాలు మెయిల్ మూసేయడానికి. అందరికీ ఒకే ఉత్తరం పంపడం వల్ల వచ్చే జబ్బు ఇది. తక్కువ మందికి పంపు, ప్రతిదాంట్లోనూ ఆ ఫర్మ్ చేసే పనికీ నువ్వు చేసిన పనికీ ఎక్కడ కలుస్తుందో ఒక్క పేరా కొత్తగా రాయి. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, ఏ సంవత్సరం, ఏ నెలకి అన్నవి ఉండాలి. ఫైలు పేరు "ఫైనల్ న్యూ 3" అని కాకుండా నీ పేరు పెట్టు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచెయ్. ఫోన్లు మాత్రం చేయొద్దు. స్టైపెండ్ సంగతి మొదటి మెయిల్‌లో ఎత్తకు గానీ, రమ్మన్నాక అడగడంలో తప్పు లేదు, అమీర్‌పేటలో హాస్టల్ ఊరికే ఇవ్వరు.

ఈ ఆదివారం పొద్దున ఆఫీసులోనే ఉంటాను. గుంటూరులో తొమ్మిదింటికి బస్సెక్కితే చాలు. తిరగరాసిన ఉత్తరం ప్రింట్ తీసుకురా, ఫోన్లో చదివి దిద్దడం నా వల్ల కాదు. ఇక్కడ ఒక పాత సెట్ లింకు డాక్యుమెంట్ల జిరాక్స్ ఉంది, పేర్లు కొట్టేసి పెట్టాను. మధ్యాహ్నం భోజనంలోపు దాని సారాంశం ఒక పేజీలో రాసి చూపించాలి. నాన్నని అడిగానని చెప్పు.

బాబాయ్