మొండివాడని తేల్చే ముందు ఈ పరీక్షలు చేయించండి

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. మూడో ఏడు వచ్చేదాకా సరిగ్గా మాటలు రాలేదు. ఇప్పుడు మాట్లాడతాడు కానీ స్కూల్లో తోటిపిల్లల్ని కొడుతున్నాడని తరచూ ఫిర్యాదులు వస్తున్నాయి. ఎందుకు కొట్టావని అడిగితే నోరు విప్పడు, గట్టిగా అడిగితే చేతిలో ఉన్నది విసిరేస్తాడు. ఏ పని చెప్పినా సగమే చేస్తాడు. గారాబం వల్లే ఇలా తయారయ్యాడంటున్నారు. సైకాలజిస్టుకి చూపించాలా?
- ఒక తల్లి

జవాబు: చూపించండి. కానీ ముందు వినికిడి పరీక్ష, ఆ వెంటనే స్పీచ్ థెరపిస్టుతో భాషా పరీక్ష చేయించండి. కొట్టడం గురించి మీరు ఎక్కువ బాధపడుతున్నారు, నాకు మాత్రం మాటలు ఆలస్యంగా రావడం, పని సగంలో వదిలేయడం ముందు కనిపించాయి.

"బూట్లు విప్పి, బ్యాగు లోపల పెట్టి, చేతులు కడుక్కుని రా" అంటే భాష అందని పిల్లాడికి చివరి ముక్కే మిగులుతుంది, చేతులు కడుక్కుని వచ్చేస్తాడు, మనమేమో మాట వినట్లేదని కేకలేస్తాం. 'ఎందుకు కొట్టావు' అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. ముందు ఏం జరిగిందో, తర్వాత ఎవరేమన్నారో, తనకేమనిపించిందో వరసగా గుర్తుచేసుకుని వాక్యాల్లో పెట్టాలి, అదీ పెద్దవాళ్లు కోపంగా చూస్తుండగా. కోపం వచ్చినప్పుడు మనసులో తనకు తాను చెప్పుకుని ఆగడానికి కూడా మాటలే కావాలి కదా, అవి చాలనప్పుడు చెయ్యి లేస్తుంది.

ఇది అరుదేమీ కాదు. వేరే కారణమేదీ కనబడకుండానే భాష నేర్చుకోవడంలో ఇబ్బందిపడే పిల్లలు నూటికి 7 మంది దాకా ఉంటారు, దీన్నే డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. 2014లో 22 అధ్యయనాలను కలిపి చూస్తే, భావోద్వేగ, ప్రవర్తన సమస్యలున్న పిల్లల్లో 81 శాతం మందికి అప్పటిదాకా ఎవరూ గుర్తించని భాషా లోపం, కొద్దిపాటిదైనా సరే, ఉన్నట్టు తేలింది. గడగడా మాట్లాడే పిల్లల్లోనూ అర్థం చేసుకోవడం వెనకబడి ఉండొచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అందరూ కొట్టే పిల్లలే అవుతారనీ కాదు, కొందరు ముడుచుకుపోతారు. కెనడాలోని ఒట్టావాలో 1982 నుంచి అయిదేళ్ల పిల్లల్ని వెంబడించి చూసిన పరిశోధకులకు, భాషా లోపం ఉన్నవాళ్లలో 19 ఏళ్లకు ఆందోళన, ముఖ్యంగా నలుగురిలోకి వెళ్లాలంటే భయం, ఎక్కువగా కనిపించింది.

మీ బాబుకి ఇదేనని చూడకుండా చెప్పను. ఏడీహెచ్‌డీ (ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం) లాంటివీ ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. గారాబం వల్ల మాత్రం భాషా లోపం రాదు, ఆ నింద మీరు మోయకండి. ఇంట్లో రెండు భాషలుంటే ఒకటి మానేయమని ఎవరైనా సలహా ఇస్తారేమో, అక్కర్లేదు.

ఈలోగా ఒకసారికి ఒక పనే చెప్పండి. గొడవ జరిగితే శాంతించాక 'ఎందుకు' అనకుండా, "వాడు నీ బొమ్మ లాక్కున్నాడా, నీకు కోపం వచ్చిందా" అని మాటలు మీరే అందించండి, లేదా బొమ్మ గీసి చూపించమనండి. భాషా పరీక్ష రిపోర్టు సైకాలజిస్టుకీ, క్లాస్ టీచరుకీ ఇవ్వండి, ఎందుకంటే కౌన్సెలింగ్ నడిచేదీ మాటలతోనే, వాడికి ఎన్ని మాటలు అందుతాయో తెలియకపోతే ఆ గంటసేపూ వాడు తల మాత్రమే ఊపి వచ్చేస్తాడు.