మొదటి అటెంప్ట్‌కి ఎంత బరువు చెప్పాలి?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. వచ్చే నెల నా మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీ. జిమ్‌లో 100 కిలోల స్క్వాట్ (బార్ భుజాలమీద పెట్టుకుని కూర్చుని లేవడం) ఒకసారి చేశాను. కోచ్ గారేమో 87.5తో మొదలుపెట్టమంటున్నారు. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నవ్వేవాళ్లను నవ్వుకోనివ్వండి, కోచ్ గారి మాటే వినండి. ఒక్కో లిఫ్టుకి మూడే అవకాశాలు, ఒక బరువు ఫెయిలైతే మళ్లీ అదే ప్రయత్నించొచ్చు లేదా పెంచొచ్చు గానీ తగ్గించడం కుదరదు, మూడూ పోయాయంటే ఇక మిగతా రెండు లిఫ్టులు బెంచ్, డెడ్‌లిఫ్ట్ ఎంత ఇరగదీసినా మీకు టోటల్ (మూడు లిఫ్టుల మొత్తం) ఉండదు. పైగా జిమ్‌లో ఎత్తిన ఆ 100ని రిఫరీ చూడలేదు కదా! తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, లేచి నిలబడ్డాక కూడా రిఫరీ నుంచి 'రాక్' (బార్ స్టాండ్‌మీద పెట్టేయండి) అని వినపడేదాకా కదలకూడదు. కొత్తవాళ్లు చాలామంది బలం చాలక కాదు, ఈ టెన్షన్‌లో తొందరపడి పోగొట్టుకుంటారు. అందుకే ఇప్పటినుంచే ఎవరినైనా పక్కన నిలబెట్టి కమాండ్లు చెప్పించుకుంటూ చేయండి.

రెండోది 95 దగ్గర, మూడోది అప్పటి ఊపుని బట్టి. మీ పక్క జిల్లా శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో (అది వెయిట్‌లిఫ్టింగ్ అనుకోండి, లెక్క మాత్రం ఇదే) ఆఖరి అటెంప్ట్‌కి స్వర్ణం కోసం 137.5 పెట్టించారు. అది పోయింది. అయినా అప్పటికే అందులో ఉండే రెండు లిఫ్టులు, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 చేతిలో ఉన్నాయి కాబట్టి మొత్తం 240 కిలోలతో కాంస్యం దక్కింది.

ఒంటి బరువు తగ్గాలని ముందురోజు పస్తులుండే పని మాత్రం పెట్టుకోకండి, ఏ కేటగిరీలో పడితే అందులోనే దిగండి.