తండ్రి కన్నా కొడుకు పెద్దవాడా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. యూదా రాజు అహజ్యా రాజయ్యేనాటికి ఇరవై రెండేళ్లని 2 రాజులు 8:26లో ఉంది, నలభై రెండేళ్లని 2 దినవృత్తాంతములు 22:2లో ఉంది, ఏది నిజం అని మా మరిది అడుగుతాడు. ‘రెండూ నిజమే, నీకే విశ్వాసం లేదు’ అంటారు మా ఆయన. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర ఇదే గొడవ. వడ్డించాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. బైబిల్లో వైరుధ్యాలు ఉన్నాయా, లేవా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఉన్నాయమ్మా. ఈ లెక్కలో మీ మరిదిదే గెలుపు. అతను దినవృత్తాంతాల్లో దాని ముందు అధ్యాయం, 21, చూసినట్టు లేడు. అహజ్యా తండ్రి యెహోరాము ముప్పై రెండో ఏట రాజై ఎనిమిదేళ్లు ఏలి పోయాడని అక్కడుంది. అంటే నలభై. ఆ వెంటనే గద్దెనెక్కిన కొడుక్కి నలభై రెండు! అతను కడసారి కొడుకు కూడాను.

మా నాన్నగారు కరణం. సెలవుల్లో నాచేత అడంగల్ నకలు రాయించేవారు. ఒకసారి లాంతరు వెలుగులో పై వరస రైతు విస్తీర్ణం కింది వరసలో వేసేశాను. మర్నాడు ఆ రైతు మా అరుగు మీద కూర్చుని, ‘నా అరెకరం ఏదయ్యా?’ అన్నాడు. అహజ్యా వయసు సంగతీ అలాంటిదే అని నా నమ్మకం. హీబ్రూ ప్రతిలో నలభై రెండే ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో కొన్నిటిలో ఇరవై, కొన్నిటిలో ఇరవై రెండు. ఆ నలభై రెండు అహజ్యా వయసు కాదు, అతని తల్లి పుట్టిన ఒమ్రీ రాజవంశం వయసు అని కొందరు సర్దుతారు. కుర్రతనంలో నేనూ అలాగే ప్రసంగించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయితే అన్నిటినీ నకలు రాసినవాడి మీదకి నెట్టలేం. దావీదు జనాభా లెక్క తీయించిన కథ చూడండి. అతన్ని ప్రేరేపించింది యెహోవా కోపమని 2 సమూయేలు 24, సాతాను అని 1 దినవృత్తాంతములు 21. తర్వాత దావీదు కొన్న కళ్లానికి, ఎద్దులకి యాభై తులాల వెండి అని మొదటిది, ఆ స్థలానికి ఆరువందల తులాల బంగారం అని రెండోది. ఇది చెయ్యి జారడం కాదు. దినవృత్తాంతాలు రాసినాయన బబులోను చెర తర్వాతి మనిషి. కీడుకి దేవుణ్ణి కారణం చెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. పైగా ఆ కళ్లం ఆయన కళ్లకి కళ్లంలా కనపడదు, సొలొమోను మందిరం లేచిన చోటు అది. ధర పెరగదూ మరి!

అన్నీ కలిపి ఒకటి చేసే ప్రయత్నం కూడా జరిగింది. క్రీ.శ. 170 ప్రాంతంలో తాతియాను అనే ఆయన నాలుగు సువార్తల్ని ఒకే కథగా కుట్టాడు. సిరియా సంఘాలు చాలాకాలం దాన్నే చదువుకున్నాయి. ఐదో శతాబ్దంలో థియోడొరేటు అనే బిషప్పు తన ప్రాంతంలో అలాంటి ప్రతులు రెండువందలకు పైగా తీయించేసి, మళ్లీ నాలుగూ విడివిడిగా పెట్టించాడు.

వచ్చే ఆదివారం 2 సమూయేలు 24 మీ ఆయన్ని, 1 దినవృత్తాంతములు 21 మీ మరిదిని పైకి చదవమనండి. భోజనాలు అయ్యాకే సుమా.