ఓడ ఊపు కాదు, గడియారం చూసుకోండి: తొమ్మిది క్రూజ్‌ల తర్వాత నాకు తెలిసింది

అడిగింది ఇదీ: "అరవై దాటిన అమ్మానాన్నలతో మొదటిసారి ఏడు రాత్రుల సముద్రపు క్రూజ్ బుక్ చేయబోతున్నాం. వాంతులు, జబ్బులు, ప్రమాదాలు అంటుంటే భయంగా ఉంది. గది ఎక్కడ తీసుకోవాలి? తరచూ వెళ్లేవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకుంటారు?"

మేం ఇప్పటికి తొమ్మిది సార్లు ఎక్కామండి. మొదటిసారి నా భయాలూ అచ్చం ఇవే. తీరా చూస్తే ఓడ మీద ఉన్నంతసేపు మనల్ని చూసుకోవడానికి వందలమంది ఉంటారు. మాకు చిక్కులన్నీ ఎక్కకముందో, మధ్యలో ఊరు చూడ్డానికి దిగినప్పుడో వచ్చాయి. ఆ సంగతికి వస్తాను కానీ, మీకు అర్జెంటుగా కావాల్సింది గది కాబట్టి ముందు అది.

మూడో ట్రిప్పులో బాల్కనీ గది చవగ్గా దొరికిందని మా ఆయన ఎగిరి గంతేశారు. ఎందుకంత చవకో మొదటి తెల్లవారుజామునే తెలిసింది. ఐదుంపావుకి నెత్తిమీద గర్‌ర్‌మని చప్పుడు. ఒక నిమిషం ఆగి మళ్లీ గర్‌ర్. మా పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంది. సిబ్బంది రోజూ ఆ వేళకి నేల కడిగి, పడక కుర్చీలు ఈడ్చి వరసపెడతారు. వారం రోజులూ అదే మాకు సుప్రభాతం. అప్పట్నుంచి గది ఫొటోలు చూడ్డం మానేసి డెక్ ప్లాన్ (ఓడలో ఏ అంతస్తులో ఎక్కడ ఏముందో చూపే పటం) చూస్తున్నాను. మీ గదికి సరిగ్గా పైన ఏముంది, కింద ఏముంది అన్నదే చూడండి. పైనా గదులే, కిందా గదులే ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పైన బఫే గానీ పూల్ గానీ ఉన్నా, కింద థియేటరో డాన్స్ క్లబ్బో ఉన్నా వద్దు. ప్లాన్‌లో ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన జాగా ఉంటే దాన్ని అసలు నమ్మొద్దు. వంటగదో, సిబ్బంది బండ్లు తోసుకుంటూ తిరిగే దారో అయ్యుంటుంది. పక్క గదికి మధ్యలో తలుపున్న గదులు మీ కుటుంబానికి రెండూ కలిపి తీసుకుంటే హాయే. అవతల వేరేవాళ్లుంటే మాత్రం వాళ్ల టీవీ, దగ్గు, గొడవలు అన్నీ మీకూ వినిపిస్తాయి.

ఇక ఊపు. ఓడని తూగుడుబల్ల అనుకోండి. రెండు చివర్లూ పైకీ కిందకీ లేస్తాయి, నడిమి భాగం పెద్దగా కదలదు. కాబట్టి పొడుగులో మధ్యన, ఎత్తులో కింది అంతస్తుల్లో ఉన్న గదికి ఊపు తక్కువ. ఇప్పటి పెద్ద ఓడలకి నీళ్లలో రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకి ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి గానీ, ముందూ వెనకా లేచిపడటాన్ని ఏమీ చేయలేవు. అందుకే గాలివాన రోజున ముందు చివర పై అంతస్తులో ఉన్నవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. ఒకసారి మాకు అలాంటి గదే పడింది. రాత్రంతా అల్మారాలో ఖాళీ హ్యాంగర్లు టక్ టక్ అని కొట్టుకుంటూనే ఉన్నాయి. చివరికి లేచి వాటికి తువ్వాలు చుడితే గానీ నిద్ర పట్టలేదు. ఇంకో గుర్తు కూడా చెప్తాను. లిఫ్టుల దగ్గర, మెట్ల రెయిలింగుల సందుల్లో సిబ్బంది వాంతి సంచులు గుచ్చి పెడుతున్నారంటే, ఆ రాత్రి సముద్రం ఎలా ఉండబోతోందో వాళ్లకి ముందే తెలిసిందన్నమాట.

మందు విషయంలో అందరూ చేసే పొరపాటు, కడుపులో తిప్పడం మొదలయ్యాక మింగడం. అప్పటికే ఆలస్యమైపోతుంది. మెక్లిజిన్ లాంటి మాత్రలు ఊపు మొదలవడానికి గంట ముందే పడాలి. చెవి వెనక అంటించే స్కోపోలమిన్ ప్యాచ్ అయితే కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. కానీ మీ అమ్మానాన్నలకి అరవై దాటాయన్నారు కదా, ఏ మందైనా డాక్టర్‌ని అడగకుండా వెయ్యకండి. వీటితో మగత వస్తుంది, నోరు ఎండిపోతుంది. ప్యాచ్‌తో పెద్దవాళ్లకి ఒక్కోసారి మనసు గందరగోళంగా కూడా అవుతుంది. కంట్లో గ్లకోమా గానీ, ప్రోస్టేట్ ఇబ్బంది గానీ ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. నేను మాత్రం అల్లం ముక్క నములుతూ బయట డెక్ మీద నిలబడి, ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు పెడతాను. మూసిన గదిలో పడుకుని ఫోన్ చూస్తే గ్యారంటీగా వాంతే.

పెద్దవాళ్లకి లిఫ్టు ఎంత దూరమో కూడా చూడండి. 2024లో తిరగడం మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు. అంత ఓడలో చివరి గది తీసుకుంటే భోజనానికి వెళ్లి రావడమే ఒక వాకింగ్. లిఫ్టుకి మరీ ఆనుకుని ఉంటే మాటల గోల. ఓ నాలుగైదు గదుల అవతల సరిగ్గా ఉంటుంది. కిటికీ లేని లోపలి గది చవగ్గా వస్తుంది, నాకు ఇష్టమే కూడా. కాకపోతే దీపం ఆపితే కటిక చీకటి, పగలో రాత్రో తెలియదు. చాలా ఓడల్లో టీవీలో ఒక ఛానల్ ఓడ ముందు కెమెరాది. సౌండ్ తీసేసి దాన్నలా వదిలేస్తే తెల్లవారుతున్నప్పుడు గదిలోకీ మెల్లగా వెలుగొస్తుంది. కిటికీ ఉన్నట్టే.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన దాని గురించి.

ఒక దీవిలో దిగాం. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ ఓడ మీద ఉండాలన్నారు. మార్కెట్లో తీరిగ్గా బేరం చేస్తున్నాను, ఫోన్లో 3:10. మా ఆయన మణికట్టు చూసుకుని, "నాలుగూ పది అయింది, పద" అన్నారు. ఆ పాత వాచీ చెడిపోయిందని నేను, నీ ఫోన్‌కే ఏదో అయిందని ఆయన. సరిగ్గా అప్పుడు మా ఓడలోనే రోజూ భోజనాల దగ్గర కనిపించే ఒక జంట చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెడుతూ పోయారు. నా గుండెల్లో రాయి పడింది. జరిగిందేమిటంటే, ఫోన్ తనంతట తాను ఆ దీవి టైముకి మారిపోయింది. ఓడ మాత్రం తన టైములోనే ఉంది. ఆ రోజు రేవు పొడవునా నేను పరుగెత్తిన పరుగు పెళ్లయ్యాక ఎప్పుడూ పరుగెత్తలేదు. పైన బాల్కనీల్లో జనం చప్పట్లు కొడుతున్నారు, కొందరు వీడియో కూడా తీశారు. ఎక్కాక పది నిమిషాలకే తాళ్లు విప్పేశారు.

ఓడ టైము వేరు, ఊరి టైము వేరు. గట్టు దిగే ముందు ఓడలో గడియారం చూసి చేతి వాచీ సరిచేసుకోండి. ఫోన్ వాడితే ఆటోమేటిక్ టైము తీసేయండి. ఎక్కాల్సిన సమయం సాధారణంగా బయల్దేరే వేళకి అరగంట ముందుంటుంది. మీరు దానికి ఇంకో గంట ముందు రేవులో ఉండేలా చూసుకోండి. ఓడవాళ్లే నడిపే టూర్‌లో వెళ్తే, బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్లదే. సొంతంగా తిరిగితే అంతా మన మీదే. బయటి టూర్లు చవక, గుంపు తక్కువ, నేనూ ఎక్కువగా అవే తీసుకుంటాను. రేవు నుంచి రెండు గంటలు దూరం పోయే ఊళ్లకి మాత్రం ఓడవాళ్ల టూరే. పెద్దవాళ్లతో అయితే ఆలోచించాల్సిన పనే లేదు. జేబులో ఎప్పుడూ పాస్‌పోర్టు జిరాక్స్, బ్యాంకు కార్డు, రోజూ వేసుకునే మందులు ఒక పూటకి అదనంగా, రేవు ఏజెంట్ (ఆ ఊళ్లో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబరు. ఆ నంబరు ఓడలో ఇచ్చే రోజువారీ కాగితంలోనో, యాప్‌లోనో ఉంటుంది.

చిన్న ఓడరేవుల్లో పెద్ద ఓడలు గట్టు దాకా రావు. దూరంగా ఆగితే, టెండర్లనే చిన్న పడవల్లో తీసుకెళ్తారు. గ్రీసులోని శాంటొరినీ దీవి అలాంటిదే. అలలు ఎక్కువైతే ఆ రోజు దిగడమే ఉండదు. కదిలే పడవలోకి అడుగేయాలి కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే ముందే ఆలోచించుకోండి. అసలు రేవునే మార్చేసే హక్కు, వదిలేసే హక్కు కెప్టెన్‌కి ఉంటుంది. టికెట్ షరతుల్లోనే ఆ మాట రాసి ఉంటుంది. రేవు పన్ను వెనక్కివ్వడం తప్ప సాధారణంగా ఏమీ రాదు. అందుకే ఒక్క ఊరి కోసమే క్రూజ్ బుక్ చేసుకోవద్దంటాను. వెనిస్ చూడాలని ఎక్కేవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని అక్కడ ఊరి నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో చౌరస్తా ముందు నుంచి, దాని పక్క జుదెక్కా కాలువలోంచి పోనివ్వడం లేదు. పాత వీడియోల్లో ఓడ మీంచి కనిపించే ఆ దృశ్యం ఇప్పుడు దొరకదు.

ఎక్కే రోజు ఉదయం విమానంలో దిగి మధ్యాహ్నం ఓడ పట్టుకుందామనే ప్లాన్ వద్దే వద్దు. ఒక రోజు ముందే చేరండి. వీసా సంగతి: షెంగెన్ దేశంలో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకదాన్లో) ఎక్కి, మధ్యలో ఆ జాబితాలో లేని తుర్కియే (టర్కీ) రేవు చూసి మళ్లీ షెంగెన్‌లో దిగే రూట్లు చాలా ఉన్నాయి. మీ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాల్సి ఉంటే, ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా అక్కడ సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ కావాలి. ఇది చూసుకోక ఒక కుటుంబం టెర్మినల్ కౌంటర్ దగ్గరే ఆగిపోవడం నా కళ్లారా చూశాను. పెట్టెలు అప్పటికే లోపలికెళ్లిపోయాయి.

జబ్బుల గురించి అడిగారు. అందరూ చెప్పుకునే కడుపు జబ్బు నోరోవైరస్. గోడకి తగిలించిన శానిటైజర్ దాని మీద పెద్దగా పనిచేయదు. సబ్బూ నీళ్లే దిక్కు. బఫేలో అందరూ పట్టుకునే గరిటె పట్టుకున్నాక అదే చేత్తో తినకండి, ముందు వడ్డించుకుని తర్వాత చేతులు కడుక్కుని కూర్చోండి. అమెరికా రేవులకి వచ్చే ఓడల్ని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ శుభ్రత తనిఖీ చేసి 100కి మార్కులేస్తుంది. 85 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఫెయిల్. ఆ మార్కులు ఎవరైనా చూసుకోవచ్చు. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే దాచొద్దు. గదిలో ఉండమంటారని భయపడి దాచేవాళ్ల వల్లే మిగతావాళ్లకి అంటుకుంటుంది. ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు. కానీ మన ఇన్సూరెన్స్ కార్డు అక్కడ సాధారణంగా చెల్లదు. బిల్లు ఓడ ఖాతాలో పడుతుంది, తర్వాత మనం క్లెయిం చేసుకోవాలి. పెద్ద ప్రాణాపాయమైతే ఒడ్డుకి తరలించాలి, అవసరమైతే హెలికాప్టర్‌లో. కాబట్టి అత్యవసర తరలింపు ఖర్చు కూడా కలిసే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. పాత జబ్బులన్నీ ఏదీ దాచకుండా రాయండి. మిగతా ఎందులోనైనా మిగుల్చుకోండి గానీ ఇందులో వద్దు.

ప్రమాదమంటారా, 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాళ్లకి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొంతమందికి అప్పటికి భద్రతా డ్రిల్ జరగనేలేదు. తర్వాత రూలు మార్చారు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలి. చాలాచోట్ల సగం ఫోన్లోనే చూసి, తర్వాత మీకు కేటాయించిన చోటికి వెళ్లి కనిపించి రావాలి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినబడితే అక్కడికి వెళ్లాలి. నేను డ్రిల్ అయ్యాక గది నుంచి ఆ చోటికి ఒకసారి మెట్ల మీదుగా నడిచి చూస్తాను. నిజంగా అవసరమొస్తే లిఫ్టులు ఎక్కకూడదు కదా.

మిగతావి చిన్నవి. ఫోన్ ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నడిసముద్రంలో ఓడ సొంత నెట్‌వర్క్‌కి తగులుకుంటే మామూలు రోమింగ్ ప్యాక్ పనిచేయదు, బిల్లు చూసి గుండె ఆగుతుంది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇస్త్రీ పెట్టె, కెటిల్ తీసుకెళ్లకండి, లాక్కుంటారు. గది గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు నాలుగు పట్టుకెళ్తే టోపీలు, తడి బట్టలు తగిలించుకోవచ్చు. సిబ్బంది టిప్పు రోజుకింతని ఖాతాలో దానంతటదే పడుతుంది, చూసి కంగారు పడొద్దు. డ్రింక్ ప్యాకేజీ గదిలో ఒకరు తీసుకుంటే మిగతా పెద్దవాళ్లూ తీసుకోవాలనే కంపెనీలే ఎక్కువ. మీ నాన్నగారు నీళ్లూ టీ తప్ప ముట్టరంటే అది దండగే.

మొదటి రోజు పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రమవుతుంది. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఆఖరి రాత్రి మళ్లీ అదే కథ, తిరగేసి. పెట్టెలు ట్యాగులేసి రాత్రికే తలుపు బయట పెట్టమంటారు. మా ఐదో ట్రిప్పులో మా ఆయన ఎంతో నీట్‌గా సర్ది, రెండు జతల బూట్లూ పెట్టెలో వేసి బయట పెట్టేశారు. పొద్దున కోటు వేసుకుని బాత్రూం చెప్పులతో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డారు. నేను ఆ ఫొటో ఇప్పటికీ దాచుకున్నాను.

దిగే రోజు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతదే బుక్ చేయండి. ఓడ పేరు, గది నంబరు చెప్తే పైనా కిందా ఏముందో నేనూ చూసి చెప్తాను.