పిల్లో కుక్కో ఉన్న ఇంట్లో మొక్కలు పెట్టే ముందు

కొత్తగా విదేశం వచ్చి ఇల్లు కాస్త కుదురుకోగానే నాలుగు కుండీలు పెట్టుకుందాం, ఓ పిల్లినో కుక్కనో తెచ్చుకుందాం అనిపిస్తుంది. తప్పకుండా తెచ్చుకోండి. ఇంటి మీద బెంగ పెట్టుకున్న రోజుల్లో నన్ను నిలబెట్టినవి అవే. అయితే ముందు అద్దె అగ్రిమెంట్ మొత్తం చదవండి. జంతువులకు అనుమతి ఉందా, బాల్కనీ రెయిలింగ్‌కి కుండీలు తగిలించనిస్తారా అన్నది చూసుకోండి. ఓనర్ నోటిమాటగా సరే అన్నా దాన్ని ఈమెయిల్‌లో పెట్టించుకోండి.

అసలు చెప్పాలనుకున్నది లిల్లీ గురించి. మనం లిల్లీ అనే తెల్లటి సన్నపూలు నేలసంపెంగ, అది వేరే మొక్క. ఇక్కడ బొకేల్లో వచ్చే పెద్ద పూల లిల్లీ పిల్లి పాలిట విషం. ఒకసారి మా ఇంటికి వచ్చినవాళ్లు అలాంటి బొకే తెచ్చారు. కాసేపటికి చూస్తే మా పిల్లి ముక్కు మీద, మీసాల మీద నారింజ రంగు పుప్పొడి, పసుపులో మూతి పెట్టినట్టు. ముద్దుగా ఉందని ఫోటో తీసి స్నేహితురాలికి పంపితే వెంటనే ఫోన్ చేసి, "ముందు దాన్ని నాక్కోనివ్వకుండా తుడువు, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు" అంది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, బతికింది. లిల్లీలో ఆకు, రేకు, పుప్పొడి, చివరికి వాజులో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను పాడుచేస్తాయి, డే లిల్లీ కూడా అంతే. వాంతులు అయ్యాక చూద్దాం అని ఆగితే ఆలస్యమైపోతుంది. మీ ఊళ్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి నంబరు పిల్లిని తెచ్చిన రోజే ఫ్రిజ్ మీద అంటించండి.

మిగతావాటిలో గన్నేరు గుండెను, ఈత చెట్టులా కనిపించే అలంకరణ మొక్క సైకస్ లివర్‌ను దెబ్బతీస్తాయి. సైకస్ గింజలైతే కుక్కలకు మరీ ప్రమాదం. మనీ ప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుస్తాయి, ప్రాణం మీదకు రావడం అరుదు. అయినా అందనంత ఎత్తులో పెట్టండి. స్పైడర్ ప్లాంట్‌తో భయం లేదు.

మొక్కల కంటే వాటికి వేసేవాటితోనే కుక్కలకు ఎక్కువ టెన్షన్. నత్తల మందు కొనేటప్పుడు డబ్బా వెనక మెటాల్డిహైడ్ అని ఉంటే అక్కడే పెట్టేయండి, అది కుక్కలకు విషం. కోకో తొక్కల మల్చ్‌లో (మట్టి మీద కప్పే పొర) చాక్లెట్‌లో ఉండే, కుక్కలకు విషమైన థియోబ్రోమిన్ ఉంటుంది, వాసనకి కుక్క తినేస్తుంది. ఎముకల పొడి ఎరువు (బోన్ మీల్) వేస్తే కుండీ మొత్తం తవ్వేస్తుంది.

చలి దేశమైతే ఎండ చూసి మోసపోకండి. మధ్యాహ్నం వెచ్చగా ఉన్నా రాత్రి మంచు పేరుకుని టొమాటో నారు తెల్లారేసరికి నల్లబడిపోతుంది. మీ ప్రాంతంలో చివరి మంచు ఎప్పుడు పడుతుందో కనుక్కుని, నారును 7 నుంచి 10 రోజుల పాటు పగలు బయట కొద్దికొద్దిగా అలవాటు చేసి అప్పుడు నాటండి. ఇంట్లో ఉన్నవాటికి చలికాలంలో నీళ్లు తగ్గించాలి, ఎక్కువైతే వేళ్లు కుళ్లిపోతాయి.

కుక్క, పిల్లి మలం కూరగాయల కంపోస్టులో వేయకండి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు, బయటపడిన ఒకటి నుంచి 5 రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది, అందుకే లిట్టర్ (పిల్లి మలవిసర్జన చేసే ఇసుక) డబ్బాలోంచి మలం రోజూ తీసేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయండి, మట్టిలో చేయి పెట్టేటప్పుడు ఆమె గ్లవ్స్ వేసుకోవాలి.

ఇంకొకటి, పిల్లికి దాని కుండీ దానికి ఇచ్చేయండి. వెడల్పాటి ట్రేలో ఓట్స్ గింజలు ఒత్తుగా చల్లితే వారం పది రోజుల్లో వేలెడంత గడ్డి వస్తుంది. మాది పొద్దున్నే వెళ్లి అక్కడే మేస్తుంది, మిగతా కుండీల జోలికి పెద్దగా రాదు.