అమ్మమ్మ కబుర్లు రికార్డు చేస్తానంటే అమ్మ వద్దంటోంది

ప్రశ్న: మా అమ్మమ్మకు 84 ఏళ్లు. ఊరు దివిసీమలో. ఆవిడ చిన్నప్పటి సంగతులు రికార్డు చేసి పిల్లల కోసం దాచాలనుకున్నాను. ఫోన్ ఎదురుగా పెట్టగానే 'నాకేం గుర్తుందే' అని బిగుసుకుపోతోంది. మా అమ్మేమో, 'ఉప్పెనలో మీ చిన్న మావయ్య పోయిన సంగతి ఎత్తి అమ్మను ఏడిపించకు' అని కసురుతోంది. మానేయమంటారా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మానేయొద్దు. అయితే మొదలుపెట్టాల్సింది అమ్మమ్మతో కాదేమో.

ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అప్పటికి మీ అమ్మకు ఎన్నేళ్లో లెక్క వేయండి. బహుశా చిన్నపిల్లే అయి ఉంటుంది. పోయినవాడు తన తమ్ముడు. ఊళ్లోవాళ్లంతా తల్లిని ఓదార్చి ఉంటారు, పక్కన నిలబడ్డ ఈ పిల్లను ఎవరైనా పలకరించారో లేదో! 'అమ్మను ఏడిపించకు' అంటోంది కానీ, ఆ కబురు తన చెవిన పడుతుందన్న భయం కూడా ఉండొచ్చు. నా ఊహ తప్పు కావచ్చు. కనుక్కోవాల్సింది మీరే. వాదన పెట్టుకోకుండా, 'ఉప్పెన ఊసు నేనుగా ఎత్తను, అమ్మమ్మే ఎత్తితే మాత్రం వింటాను' అని మాటివ్వండి.

ఇక అమ్మమ్మ బిగుసుకుపోవడం. 'నీ చిన్నతనం గురించి చెప్పు' అంటే ఎవరికైనా నోరు పెగలదు. అంత పెద్ద ప్రశ్నకు ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు? మీ పొయ్యి ఏ మూల ఉండేది, రాత్రిళ్లు ఎవరి పక్కన పడుకునేదానివి, అణా ఇస్తే కొట్లో ఏమొచ్చేది, ఇలా అడగండి. నయాపైసలు వచ్చింది 1957లో. మీ అమ్మమ్మ అణాలు, బేడలు లెక్కపెట్టిన మనిషి. ఆ లెక్క మీకు రాదంటే నేర్పడానికైనా నోరు విప్పుతుంది. ఏళ్లు మాత్రం అడగకండి, అవి గుర్తుండవు. 'నీ పెళ్లికి ముందా, తర్వాతా' అంటే చాలు.

అడిగేది కూడా ఎదురుగా కూర్చుని కాదు. చింతపండు గింజలు తీస్తున్నప్పుడో, వత్తులు చేసుకుంటున్నప్పుడో పక్కన చేరండి. చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. రికార్డు చేస్తున్నానని మొదటే చెప్పి ఫోన్ పక్కన బోర్లా పెట్టేయండి. చెప్పకుండా దొంగచాటుగా మాత్రం వద్దు. ఫ్యాన్ కట్టేయండి, లేకపోతే తర్వాత వినేది ఆ హోరే. ఇరవై నిమిషాలు మించనివ్వకండి. అదే రోజు ఫైలుకు తేదీ, విషయం రాసి ఇంకోచోట కాపీ పెట్టండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వేయాలంటే అమ్మమ్మ ఒప్పుకోవాలి. తోడికోడలి మీద అన్న మాట ఆ తోడికోడలి మనవరాలి ఫోన్‌లో మోగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మాటల్లో చిన్న మావయ్య వచ్చి ఆవిడ ఏడిస్తే, 'ఊరుకో ఊరుకో' అంటూ మాట మార్చకండి. రికార్డింగ్ ఆపి, చెయ్యి పట్టుకుని కూర్చోండి. చెబితే వినండి, లేదంటే వదిలేయండి. ఆ తర్వాత వరసగా నాలుగు రోజులు నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే కొన్నాళ్లు ఆపి డాక్టరుకు చూపించండి.

ముందుగా ఈ ఆదివారం మీ అమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్ తీయకుండా, మావయ్యను ఇంట్లో ఏమని పిలిచేవారో అడగండి.