విజయవాడ కుటుంబ న్యాయస్థానానికి వెళ్లబోయే అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. పాపను తీసుకుని హైదరాబాదు నుంచి సత్యనారాయణపురంలో మీ అమ్మ దగ్గరికి వచ్చేశావని, కోర్టుకు వెళ్లక తప్పదనుకుంటున్నావని తెలిసింది. ఎందుకు వచ్చావని నేను అడగను. కుటుంబ న్యాయస్థానంలో బెంచి క్లర్కుగా పనిచేసినదాన్ని కాబట్టి అక్కడ ఎలా నడుచుకోవాలో చెబుతాను.

ఆ కోర్టులో ముందు నిలబడాల్సింది ప్లీడరు కాదు, నువ్వు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం అక్కడ ప్లీడరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతిస్తేనే. ఆచరణలో అనుమతి దొరుకుతుంది, మంచి ప్లీడరు అవసరం కూడా. కానీ జడ్జిగారు అడిగితే నిన్నే అడుగుతారు. విడిగా ఎప్పటినుంచి ఉంటున్నారు, పాప బడి ఫీజు ఎవరు కడుతున్నారు, నీ జీతమెంత? ఇవి తడబాటు లేకుండా నీ నోటినుంచే రావాలి. అందుకే పిటిషన్ మీద సంతకం చేసేముందు ప్రతి పేరా తెలుగులో చెప్పించుకో. జరగనివి రెండు జోడిస్తే కేసు బలపడుతుందని ఎవరైనా అంటే ససేమిరా ఒప్పుకోకు. అవతలి ప్లీడరు నిన్ను ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క అబద్ధం బయటపడితే నిజంగా నువ్వు పడ్డ బాధను కూడా నమ్మరు.

పెళ్లి హైదరాబాదులో జరిగింది, కాపురం అక్కడే, కేసు కూడా అక్కడే వేయాలేమోనని మీ అమ్మ దిగులు పడుతోందట. అక్కర్లేదు. 2003లో హిందూ వివాహ చట్టాన్ని సవరించాక భార్య తాను ఉంటున్న చోటే పిటిషన్ వేసుకోవచ్చు. మనోవర్తికీ, అంటే భరణానికీ అంతే. దానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లోగా సాధ్యమైనంత వరకు తేల్చాలని చట్టం చెబుతోంది. వాయిదాల వల్ల ఆలస్యం కావచ్చు, అయినా అడగడంలో జాగు చేయకు. 2020లో రజనీష్, నేహా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, దరఖాస్తు వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కించాలని చెప్పింది. అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి, ఖర్చులతో అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం వేయాలి. నీ జీతం దాచకు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె రసీదులు, పాప మందుల బిల్లులు, పెళ్లిలో పెట్టిన బంగారం బిల్లులు ఒకే ఫైల్లో తేదీల వరుసన పెట్టు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఊరికే ఇవ్వకు. ఇచ్చినా రాయించుకుని ఇవ్వు.

విజయవాడ పెద్ద ఊరే కానీ చుట్టరికాలకు చిన్నది. బందరు రోడ్డులోని కోర్టు ప్రాంగణంలో మెట్లెక్కుతుంటే మీ వీధివాళ్లో, పెళ్లికి వచ్చిన వాళ్లో ఎదురవుతారు. సాయంత్రానికి కబురు వన్‌టౌన్ దాకా పాకుతుంది. దానికి భయపడి చెప్పాల్సింది మింగేసిన ఆడపిల్లలను చూశాను. అది జరగకూడదు. ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా విచారణ బయటివాళ్లు లేకుండా ఆంతరంగికంగా జరపాల్సిందేనని కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 11వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మొదట్లోనే అడుగు.

వాయిదా రోజున ఉదయం పిలుపు మొదలయ్యేసరికి హాలు గుమ్మం దగ్గరే ఉండు. నూజివీడు, గుడివాడ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, పేరు పిలిచే వేళకు కాఫీకి వెళ్లి కేసు పోగొట్టుకున్నవాళ్లున్నారు. హాజరు లేదని కొట్టేసిన పిటిషన్‌ను తిరిగి నిలబెట్టుకోవడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ నోటీసు. నీ కేసుకు కోర్టు ఇచ్చే సీఎన్ఆర్ నంబరు ఫోనులో రాసిపెట్టుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో తదుపరి తేదీ నువ్వే చూసుకోవచ్చు.

రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు విధి. కౌన్సెలింగ్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్లు. అక్కడ పాత పంచాయితీలన్నీ తిరగదోడొద్దు. నీకేం కావాలో చెప్పు. కలిసి ఉండగలవా, ఏ షరతు మీద? లేకపోతే పాప ఎవరి దగ్గర, నెలకు ఎంత? ఆ రోజు మీ మేనమామను లోపలికి రానివ్వకు. ఆయన కోపం న్యాయమైనదే, కానీ మాట నీది కావాలి.

అన్నిటికన్నా నా మనసులో ఉన్నది పాప సంగతి. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం. పాపకు నాలుగే కాబట్టి నీకు కొంత ధైర్యం. అయినా కోర్టు చివరికి చూసేది బిడ్డ క్షేమాన్నే. తండ్రికి చూసే హక్కు ఇస్తారు, ఇవ్వాలి కూడా. ఒక వాయిదా రోజున వరండాలో ఒక పిల్లవాడు బడి యూనిఫాంలో, మెడలో నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. తండ్రి బిస్కెట్ పొట్లం చాచాడు. వాడు చెయ్యి సగం దాకా తెచ్చి, తీసుకోవచ్చా అన్నట్టు వెనక్కి తిరిగి తల్లి ముఖం చూశాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీ పాపకు ఆ గతి పట్టనివ్వకు. నాన్న వచ్చాడు వెళ్లమ్మా అని నువ్వే పంపించు.

రాజీ కుదిరితే ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక రాత్రి నిదానంగా చదువు. ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు మీద అప్పీలు లేదు. పరస్పర అంగీకార విడాకులకు ఏడాది విడిగా ఉండాలి. ఆపైన ఉన్న ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తొందరపెట్టేవాళ్లు దాన్ని చూపిస్తారు. డబ్బు ఎప్పుడు, ఏ ఖాతాలో పడుతుందో రాసి ఉంటేనే సంతకం. కేసు పోరాడి ఓడితే నేలపాడులోని హైకోర్టులో అప్పీలుకు కుటుంబ న్యాయస్థానాల చట్టం ఇచ్చే గడువు 30 రోజులే, కాబట్టి తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టు.

ప్లీడరు ఫీజుకు గాజులు తాకట్టు పెట్టొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోను చెయ్యి. ఆదివారం ఫైలు తీసుకుని పాపతో ఇంటికి రా. అఫిడవిట్ ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ